డిసెంబర్‌లో ఓర్లాండో పార్కులు: చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్ల కోసం

అమెరికాలో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఉన్న డిస్నీ, యూనివర్సల్ థీమ్ పార్కులకి మేం రెండుసార్లు వెళ్లాం. నేను, మావారు, పాప, బాబు, మా అత్తయ్య. మొదటిసారి క్రిస్మస్ మర్నాటి నుంచి ఐదు రోజులు, తర్వాతి ఏడాది డిసెంబర్ మొదటి వారం. అవే పార్కులు, అదే మేం. కానీ మొదటిసారి ఇంటికొచ్చాక రెండు రోజులు ఎవరికీ ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు. రెండోసారి విమానం ఎక్కకముందే పాప "మళ్లీ ఎప్పుడొద్దాం?" అంది. మధ్యలో మారినవి రెండే: వెళ్లిన తేదీలు, రోజును నడుపుకున్న తీరు. ఈ రెండింటి గురించే నేను ఎక్కువ చెప్తాను.

ముందు తేదీలు. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా ఉండే వారం డిస్నీలోనైనా యూనివర్సల్‌లోనైనా ఏడాది మొత్తంలో జనం విరగబడే రోజులు. టికెట్ ధర కూడా తేదీని బట్టి మారుతుంది కాబట్టి, ఎక్కువ డబ్బు కట్టి ఎక్కువసేపు నిలబడేది ఆ వారమే. స్కూలుకి నాలుగు రోజులు సెలవు పెట్టించగలిగితే డిసెంబర్ మొదటి రెండు వారాల్లో వెళ్లండి. చెట్లు, దీపాలు, అలంకారాలన్నీ అప్పటికే పెట్టేసి ఉంటారు, దేన్నీ కోల్పోరు. న్యూ ఇయర్ అయిపోయింది కదా, జనవరి మొదట్లో ఖాళీగా ఉంటుందని అనుకోకండి. ఆ రోజుల్లో డిస్నీ మారథాన్ ఉంటుంది. పరిగెత్తేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు వచ్చి చేరతారు, రోడ్లు కూడా కొన్ని గంటలు మూస్తారు.

మొదటి వారాల్లో వెళ్తే ఇంకో సంగతి కలిసొస్తుంది. డిస్నీ నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొన్ని రాత్రులు మిక్కీస్ వెరీ మెర్రీ క్రిస్మస్ పార్టీ జరుగుతుంది. దానికి టికెట్ వేరే. ఆ రోజుల్లో మామూలు టికెట్ ఉన్నవాళ్లని సాయంత్రం 6 గంటలకే పంపించేస్తారు. రాత్రి బాణసంచా చూడాలనుకునేవాళ్లు ఆ రోజు పగలు రారు కాబట్టి లైన్లు తగ్గుతాయి. మేం చేసిందిదే: పార్టీ ఉన్న రోజు పొద్దున్నే వెళ్లి రైడ్లన్నీ చూసుకున్నాం, పార్టీ లేని ఇంకో రోజు సాయంత్రం బాణసంచా కోసమే వెళ్లాం. పార్టీ తేదీలు నెలల ముందే ప్రకటిస్తారు. హోటల్ బుక్ చేయకముందే ఆ పట్టిక చూసుకోండి.

ఇక రోజు సంగతి. మొదటిసారి మేం పొద్దున 8 గంటలకి లోపలికెళ్లి రాత్రి పదింటి దాకా ఉండిపోయాం. ఇంత డబ్బు పోశాం కదా, ఒక్క గంట కూడా వదలకూడదన్న పంతం. మధ్యాహ్నం మూడింటికి మూడున్నరేళ్ల బాబు నేలమీద పడి ఏడుపు. అత్తయ్య బెంచీ మీద కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటున్నారు. పాప ముందున్న రైడు నిరీక్షణ 140 నిమిషాలని బోర్డు చూసి మాట్లాడకుండా నిలబడిపోయింది. దేనికోసమైతే అంత దూరం వచ్చామో ఆ బాణసంచా మొదలయ్యేసరికి బాబు స్ట్రోలర్‌లో నిద్రపోయాడు, మొదటి చప్పుడుకి ఉలిక్కిపడి లేచి, అయిపోయేదాకా నా భుజంలో మొహం దాచుకుని ఏడ్చాడు.

రెండోసారి రోజుని రెండు ముక్కలు చేశాం. పార్కు తెరవడానికి ముప్పావు గంట ముందే గేటు దగ్గరుండేవాళ్లం. మొదటి రెండు గంటల్లో ఎక్కినన్ని రైడ్లు మిగతా రోజంతా కష్టపడినా ఎక్కలేం. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లకి ప్రతిరోజూ ఏ పార్కుకైనా అరగంట ముందు ప్రవేశం ఉంటుంది. ఆ అరగంట విలువ డిసెంబర్‌లోనే తెలుస్తుంది. పన్నెండున్నరకి బయటపడి, రూముకి వెళ్లి, కర్టెన్లు లాగి పిల్లల్ని పడుకోబెట్టేవాళ్లం. నిద్ర పట్టకపోయినా సరే, చీకట్లో గంటన్నర పడుకోవాల్సిందే. సాయంత్రం అయిదింటికి మళ్లీ వెళ్లేవాళ్లం. డిసెంబర్‌లో అక్కడ అయిదున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి మనం వెళ్లేసరికి దీపాలు వెలుగుతుంటాయి. పొద్దున వాడిన టికెట్‌తోనే అదే పార్కుకి మళ్లీ వెళ్లొచ్చు, దానికి వేరే డబ్బు కట్టక్కర్లేదు.

ఈ పద్ధతికి హోటల్ దగ్గరగా ఉండటం ముఖ్యం. ముఖ్యంగా మ్యాజిక్ కింగ్‌డమ్ విషయంలో, దాని కారు పార్కింగ్ గేటు దగ్గర ఉండదు. సరస్సుకి ఇవతల కారు పెట్టి, మోనోరైలో పడవో ఎక్కి అవతలికి వెళ్లాలి. రానుపోను దానికే గంట పోతుంది. డిస్నీ హోటళ్ల బస్సులు మాత్రం నేరుగా గేటు ముందే దింపుతాయి. డిస్నీ మిగతా మూడు పార్కులు ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్‌లకి ఈ బాధ లేదు, పార్కింగ్ గేటు పక్కనే.

ఇప్పుడు ఎత్తు సంగతి. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ప్రతి పెద్ద రైడు ముందు ఒక కర్ర పట్టుకుని మనిషి నిలబడి ఉంటారు. పిల్లవాడి తల ఆ కర్రకి తగలకపోతే లోపలికి పంపరు, బతిమాలినా లాభం లేదు, బతిమాలకూడదు కూడా. మొదటిసారి మా బాబు ఇంట్లో గోడ దగ్గర సరిగ్గా 38 అంగుళాలు వచ్చాడు. మందపాటి బూట్లు, లేచి నిలబడ్డ జుట్టు, అన్నీ కలిపి. నలభై నిమిషాలు నిలబడ్డాక అక్కడి అమ్మాయి జుట్టు అణిచి, నిటారుగా నిలబెట్టి, రెండుసార్లు కొలిచింది. కర్ర వాడి తల మీదుగా గాల్లో జరిగిపోయింది. అర అంగుళం. వాడు ఇంకా నిటారుగా నిలబడాలని మునివేళ్ల మీద లేచి, ఆ అమ్మాయి మొహంలోకి చూశాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని "వచ్చే ఏడాది నీకోసం ఇక్కడే ఉంటుంది" అని నెమ్మదిగా చెప్పింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు మాది. ఊరించి తీసుకొచ్చింది మేమే.

అందుకని బయల్దేరే ముందు రోజు, పల్చటి బూట్లతో, జుట్టు తడిపి అణిచి కొలవండి. కొలిచిన దాంట్లోంచి అర అంగుళం తీసేసి, ఆ లెక్కకి వచ్చే రైడ్ల పేర్లే పిల్లలకి చెప్పండి. డిస్నీ రైడ్లలో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, స్లింకీ డాగ్ డ్యాష్‌లకి 38 అంగుళాలు చాలు. టియానాస్ బాయూ అడ్వెంచర్, టవర్ ఆఫ్ టెర్రర్, రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్‌లకి 40. కాస్మిక్ రీవైండ్‌కి 42. స్పేస్ మౌంటెన్, ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌లకి 44. ట్రాన్‌కి 48. యూనివర్సల్‌లో కొలతలు ఇంకా పైన ఉంటాయి: హాగ్రిడ్ మోటర్‌బైక్ రైడుకి 48, వెలాసికోస్టర్‌కి 51. అందుకే అయిదేళ్ల లోపు పిల్లలుంటే డిస్నీకి ఎక్కువ రోజులు, ఎనిమిదేళ్లు దాటినవాళ్లే ఉంటే యూనివర్సల్‌కి ఎక్కువ రోజులు కేటాయించమంటాను.

ఒకరికి ఎత్తు చాలి, ఇంకొకరికి చాలకపోతే ఇద్దరు పెద్దవాళ్లూ మార్చుకుని ఎక్కే వీలుంది. డిస్నీలో దీన్ని రైడర్ స్విచ్ అంటారు. మావారు పాపతో మామూలు లైన్లో వెళ్లారు, నేను బాబుతో బయట ఉన్నాను. వాళ్లు దిగాక నేను చిన్న లైన్లోంచి వెళ్లాను. లైన్లోకి వెళ్లేముందే అక్కడి ఉద్యోగికి చెప్పాలి, దిగాక చెప్తే కుదరదు. యూనివర్సల్‌లో చైల్డ్ స్వాప్ అంటారు. అక్కడ అందరూ కలిసే లైన్లో వెళ్లి, రైడు దగ్గరున్న గదిలో ఒకరు పిల్లలతో కూర్చుంటారు, దిగాక మారతారు.

డబ్బు కట్టి లైన్లు తగ్గించుకునే ఏర్పాటు గురించి అందరూ అడుగుతారు. డిస్నీలో 2024 నుంచి ఉన్న పద్ధతి ఇది: లైట్నింగ్ లేన్ అంటే డబ్బు కట్టినవాళ్లు వెళ్లే చిన్న లైను; దాని మల్టీ పాస్ కొంటే మూడు రైడ్లకి ముందే సమయం పెట్టుకోవచ్చు. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లకి 7 రోజుల ముందు, మిగతావాళ్లకి 3 రోజుల ముందు, అక్కడి టైము ప్రకారం పొద్దున 7 గంటలకి తెరుస్తారు. ఒకటి వాడాక ఫోన్లోనే ఇంకొకటి పెట్టుకుంటూ పోవచ్చు. అన్నిటికన్నా గిరాకీ ఉన్న ఒకటి రెండు రైడ్లకి విడిగా కట్టాలి. నా అభిప్రాయం అడిగితే: మ్యాజిక్ కింగ్‌డమ్‌కీ, హాలీవుడ్ స్టూడియోస్‌కీ కొనండి. యానిమల్ కింగ్‌డమ్‌కి పొద్దున్నే వెళ్తే అక్కర్లేదు. క్రిస్మస్ వారంలోనే వెళ్లక తప్పని వాళ్లు మాత్రం అన్నిటికీ ఆ డబ్బు పక్కన పెట్టుకోండి. యూనివర్సల్‌లో అయితే పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో దిగితే యూనివర్సల్ పాత రెండు పార్కులకీ చిన్న లైన్లో వెళ్లనిచ్చే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితోపాటే వస్తుంది. నలుగురైదుగురున్న కుటుంబం లెక్క వేసుకుంటే ఒక్కోసారి ఆ గదే చవక. 2025 మే 22న తెరిచిన యూనివర్సల్ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌కి మాత్రం అది చెల్లదు. ఆ పార్కు కొన్ని మైళ్ల దూరంలో విడిగా ఉంటుంది, దానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి.

మూడేళ్లలోపు పిల్లలకి డిస్నీలో టికెట్ అక్కర్లేదు. పదేళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్టే. పాపకి పదో పుట్టినరోజు దగ్గర్లో ఉంటే ఇది గుర్తుంచుకోండి.

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి ఒక్క మాట. "నేను నడుస్తాలే" అని వాళ్లు అంటారు. నమ్మకండి. ఒక్కో పార్కులో రోజుకి ఎన్ని మైళ్లు నడుస్తామో ఫోన్ చూస్తేగానీ తెలియదు. రెండోసారి మొదటిరోజే అత్తయ్యకి గేటు దగ్గర వీల్‌చైర్ అద్దెకి తీసుకున్నాం. ముందు ఇబ్బందిపడ్డారు, అరగంటకి బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని తనే దారి చెప్పడం మొదలుపెట్టారు. వీల్‌చైర్లు ముందొచ్చినవాళ్లకే, తొందరగా వెళ్లాలి.

ఆవిడకి అన్నిటికన్నా నచ్చింది మ్యాజిక్ కింగ్‌డమ్ చుట్టూ తిరిగే రైలు. బొమ్మ రైలు కాదది. 1916కీ 1928కీ మధ్య ఫిలడెల్ఫియాలో తయారై, మెక్సికోలోని యుకాటాన్‌లో నిజంగా పనిచేసిన ఆవిరి ఇంజన్లు, నాలుగు. ఒక చుట్టు ఇరవై నిమిషాలు. మేం పెద్ద రైడ్లెక్కే వేళల్లో అత్తయ్య, బాబు కలిసి అందులో మూడు చుట్లు తిరిగారు. ఆవిరి వదిలేటప్పుడు వచ్చే తడి వేడి గాలి మొహానికి కొడుతుంటే చిన్నప్పుడు రైలు కిటికీ దగ్గర కూర్చున్న రోజులు గుర్తొచ్చాయట. కూర్చుని చూసేవి ఇంకా ఉన్నాయి: పీపుల్‌మూవర్, కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్, ఎప్‌కాట్‌లో తోటల మధ్య పడవలో తిప్పే లివింగ్ విత్ ద ల్యాండ్. యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ బండి మాత్రం బాగా కుదుపుతుంది, నడుమునొప్పి ఉన్నవాళ్లకి ముందే చెప్పండి.

చలి గురించి. ఫ్లోరిడా కదా అని పొట్టి చేతుల చొక్కాలే సర్దుకున్నాం మొదటిసారి. పగలు 22, 23 డిగ్రీలు, హాయిగానే ఉంటుంది. ఉత్తరం నుంచి చలిగాలి వచ్చిందంటే తెల్లవారుజామున పది డిగ్రీల కిందకి పడిపోతుంది. గేటు ముందు మనం నిలబడేది ఆ వేళలోనే. రాత్రి సరస్సు మీద పడవలో వచ్చేటప్పుడు గాలి చెవుల్లో దూరుతుంది. ఒకదానిమీద ఒకటి వేసుకునే బట్టలు, చెవులు కప్పే టోపీ, అత్తయ్యకి శాలువా. తడిపేసే రైడ్లు ఎండ ఉన్న మధ్యాహ్నమే ఎక్కండి, ఒక జత సాక్సులు అదనంగా సంచిలో ఉంచండి. వాటర్ పార్కుల మీద ఆశ పెట్టుకోకండి, చలి ఎక్కువైతే మూసేస్తారు.

తిండికి డిస్నీలో బయటి నుంచి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు, మద్యం తప్ప. మేం ఉన్న గదిలో చిన్న వంటిల్లు ఉండటంతో పెరుగన్నం డబ్బా, పళ్లు రోజూ సంచిలో ఉండేవి. కౌంటర్లలో అడిగితే గ్లాసుడు ఐసు నీళ్లు ఊరికే ఇస్తారు, సీసాలు కొనకండి. మెనూలో పచ్చని ఆకు గుర్తు ఉంటే మాంసం, పాలు, గుడ్డు ఏవీ లేనట్టు. భోజనం ఆర్డరు పదిన్నరకే ఫోన్లో పెట్టి పదకొండుంబావుకి తినేస్తే లైను ఉండదు. టికెట్, ఆర్డరు, రైడు సమయాలు, ఫొటోలు అన్నీ ఆ ఫోన్లోనే కాబట్టి రెండు పవర్ బ్యాంకులు వెంట ఉండాలి. స్ట్రోలర్ వెడల్పు 31, పొడవు 52 అంగుళాలు దాటకూడదు. బండిలా లాగే వ్యాగన్లు డిస్నీలోకి రానివ్వరు.

రోజూ పొద్దున రూములోంచి అడుగుపెట్టేముందు పిల్లలిద్దరికీ నిలువెత్తు ఫొటో తీసుకోండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా అన్నది ఆ కంగారులో గుర్తురాదు. అక్కడి ఉద్యోగులందరి చొక్కా మీదా పేరు రాసిన బిళ్ల ఉంటుంది. మొదటిరోజే పిల్లల్ని ఒకరి దగ్గరికి తీసుకెళ్లి ఆ బిళ్ల చూపించి, "అమ్మ కనపడకపోతే ఇది ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లాలి" అని చెప్పండి. నా నంబరు బాబు ముంజేతి మీద పెన్నుతో రాసేదాన్ని.

బాణసంచాకి చిన్నవాళ్ల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టండి, చప్పుడు తగ్గించేవి. మ్యాజిక్ కింగ్‌డమ్ కోటకి మరీ దగ్గరగా వద్దు, గేటు నుంచి కోట వైపు వెళ్లే మెయిన్ స్ట్రీట్ అనే వీధి మొదట్లో రైలు స్టేషను వైపు నిలబడితే మొత్తం కనపడుతుంది, బయటికి దారీ దగ్గర. అయిపోగానే జనంతోపాటు కదలకండి. ఎక్కడైనా కూర్చుని ముప్పావుగంట ఆగండి, పార్కు మూసినా మెయిన్ స్ట్రీట్ దుకాణాలు ఇంకాసేపు తెరిచే ఉంటాయి. మేం ఒక అరుగు మీద కూర్చున్నాం. బాబు హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని, ఆ పొద్దున కర్ర తలకి తగిలిన చోటు చేత్తో తడుముకుంటూ, మైన్ ట్రైన్ మలుపులెలా తిరిగిందో నానమ్మకి నాలుగోసారి చెప్తున్నాడు. పడవ దగ్గరికి వెళ్లేసరికి లైను లేదు.