అప్పులున్నా సెక్యూరిటీ క్లియరెన్స్ ఎలా వచ్చిందంటే

నాన్నకి పక్షవాతం వస్తే అమలాపురంలో ఉండిపోయాను. అమెరికాలో ఉద్యోగం పోయింది, క్రెడిట్ కార్డుల బాకీలు పేరుకున్నాయి. తర్వాత అక్కడే దొరికిన ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడ్డానికి అనుమతి, కావాలన్నారు. ఎస్‌ఎఫ్‌-86 అనే దాని దరఖాస్తు ఫారంలో గత 7 ఏళ్లలో గడువు మీద 120 రోజులు దాటిన బాకీలు అడుగుతారు.

"రాయకు బావా, ఎవడు చూస్తాడు?" అన్నాడు మా బావమరిది. చూస్తారు, క్రెడిట్ రిపోర్టు వాళ్లూ తీస్తారు. దాస్తే అబద్ధమాడినట్టు, అది ఇంకో తలనొప్పి. అన్నీ రాసేశాను.

గైడ్‌లైన్ ఎఫ్‌లో, అంటే క్లియరెన్స్‌కి మన డబ్బు వ్యవహారాల్ని బేరీజు వేసే నిబంధనలో, చూసేది ముఖ్యంగా ఇదీ: కష్టం మన చేతుల్లో లేనిదా, తీర్చడానికి నిజాయితీగా ప్రయత్నిస్తున్నామా. అందుకే బ్యాంకుతో వాయిదాలు మాట్లాడుకుని కాగితం రాయించుకున్నా. దానికి నాన్న డిశ్చార్జి సమ్మరీ, కట్టిన రసీదులు జతచేశా. అమ్మ కొబ్బరి దింపు డబ్బులు పంపుతానంది. వద్దన్నాను, ఆ సొమ్ము ఎక్కడిదో మళ్లీ లెక్క చూపించాలి.

క్లియరెన్స్ వచ్చింది. వాయిదాలు నడుస్తున్నాయి, తర్వాత కూడా రికార్డులు చూస్తూనే ఉంటారు మరి.