సగం ట్రాక్ దాటగానే చప్పబడే డార్ట్: సమస్య - పరిష్కారం

తక్కువ ఖర్చులో డ్రాగ్ రేసు (తిన్నని పావు మైలు ట్రాక్ మీద వేగపోటీ) కారు తయారు చేసుకోవాలనుకునే అమెరికన్లకు 1967 తర్వాతి డాడ్జ్ డార్ట్, ప్లిమత్ వాలియంట్ సెడాన్లు మంచి బేరం. పాత కార్లు సేకరించేవాళ్లు రెండు తలుపుల కార్ల కోసమే ఎగబడతారు కాబట్టి నాలుగు తలుపులవి చవకగా దొరుకుతాయి. బండి తేలిక. ఆరు సిలిండర్ల ఇంజను తీసేసి 318 గానీ 360 గానీ ఘనపు అంగుళాల ఎనిమిది సిలిండర్ల వీ8 దించడానికి చోటు ఉంటుంది. ఇంజను బిగించడం, కార్బ్యురేటర్ విప్పడం, టైమింగ్ లైటు పట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ఏ స్పేనరూ పట్టకముందు టైమ్ స్లిప్పు, అంటే పరుగయ్యాక ట్రాక్ వాళ్లిచ్చే కాగితం, పూర్తిగా చదవండి. చాలామంది అడుగున ఉన్న అంకె ఒక్కటే చూసి కాగితం జేబులో పెట్టుకుంటారు. 60, 330, 660, 1000 అడుగుల దగ్గర పడిన సమయాలు పైనే ఉంటాయి. కారు ఎక్కడ మందగించిందో అవే చెబుతాయి.

లక్షణం: పచ్చ లైటు పడగానే తడబాటు, 60 అడుగుల సమయం పేలవం

ఇంజను ఆపి, కార్బ్యురేటర్‌లోకి చూస్తూ థ్రాటిల్ నొక్కండి. నొక్కిన క్షణమే పెట్రోలు ధారగా చిమ్మాలి. ఆలస్యమైతే యాక్సిలరేటర్ పంపు లింకేజీ సరిచేయండి. ధార బాగుంటే టైమింగ్ చూడండి. వాక్యూమ్ గొట్టం తీసేసి ఇంజను వేగం పెంచినప్పుడు మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరేలోపు స్పార్క్ ఎంత ముందు పడుతుందన్నది) 34 నుంచి 36 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడితో తేలిపోతాయి.

లక్షణం: వెనక కుడి చక్రం ఒక్కటే పొగలు కక్కడం

డిఫరెన్షియల్ లాకింగ్ రకం కాదన్నమాట. డ్రైవ్‌షాఫ్ట్ మెలి కుడి చక్రం మీది బరువు తగ్గిస్తుంది, శక్తంతా ఆ చక్రానికే పోతుంది. కమాన్ పట్టీల ముందు సగం మెలికపడకుండా ట్రాక్షన్ బార్లు వేస్తే కొంత నయం. ఆరు సిలిండర్ల కారుతో వచ్చిన 7¼ అంగుళాల యాక్సిల్ మీద మాత్రం డబ్బు పెట్టకండి. పట్టున్న టైర్లు వేసి వీ8తో దూకిస్తే అది ఎంతోకాలం నిలవదు. 8¾ అంగుళాలది వెతుక్కోండి.

లక్షణం: 660 అడుగుల దాకా అంతా సవ్యం, ఆ తర్వాత ఇంజను మెత్తబడటం

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో అందరినీ బాగా తిప్పలు పెట్టేది ఇదే. మూడో గేరు పడుతుంది, శబ్దం మారదు, పేలుళ్లు ఉండవు. కారును వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు వేగం పెరగడం మాత్రం ఆగిపోతుంది. ముగింపు గీత దాటి కాలు తీయగానే మళ్లీ మామూలే. 660 అడుగులు 8.6 సెకన్లలో, గంటకు 80 మైళ్ల వేగంతో దాటిన కారు పావు మైలును 13.5 సెకన్ల దగ్గర, 100 మైళ్ల వేగంతో ముగించాలి. మీ స్లిప్పులో 13.8, 92 మైళ్లు అని ఉంటే చదవడం కొనసాగించండి.

ముందు ఒక తేడా గమనించాలి. ఇదే నీరసం రెండో గేరులో కూడా అదే ఆర్‌పీఎం దగ్గర వస్తుంటే అది వాల్వు స్ప్రింగులదో ఇగ్నిషన్‌దో. ఆర్‌పీఎంతో నిమిత్తం లేకుండా ట్రాక్ మీద కొంత దూరం వెళ్లాకే వస్తుంటే అది పెట్రోలు కొరత.

ఇక్కడే అందరూ దారి తప్పుతారు. జెట్లు మారుస్తారు, ప్లగ్గులు మారుస్తారు, కాయిల్ కొంటారు, చివరికి పెద్ద కార్బ్యురేటరే తెచ్చేస్తారు. దాని నిల్వ గిన్నెల్లో పెట్రోలు ఎక్కువ పడుతుంది కాబట్టి నీరసం ఇంకో వంద అడుగులు ఆలస్యంగా మొదలవుతుంది. దాంతో జబ్బు దొరికిందనుకుని సంబరపడతారు. కారు కిందికి దూరి ట్యాంకు దగ్గరి గొట్టం చూడమంటే మాత్రం ఎవరూ చూడరు.

ఈ కార్లలో పెట్రోలు పంపు ఇంజను పక్కన ఉంటుంది, ట్యాంకు డిక్కీ కింద ఉంటుంది. మధ్య దూరం సుమారు 10 అడుగులు. అంత దూరం నుంచి పంపు పెట్రోలును లాక్కోవాలి. ట్యాంకులోంచి పెట్రోలు బయటికి తెచ్చే, మీటరుకు మట్టం చెప్పే సెండర్ పైపుకూ ఇనుప లైనుకూ మధ్య ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. వెల్లకిలా పడుకుని టార్చి వేస్తే గానీ కనిపించదు. దానికి సన్నని పగుళ్లు వచ్చాయంటే కారుతుందని, నేల మీద మరక పడుతుందని అనుకుంటారు. అది పీల్చుకునే వైపు గొట్టం కాబట్టి చుక్క కూడా బయటికి రాకపోవచ్చు. బయటి గాలే లోపలికి పోతుంది. పగిలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు, ఎంత గట్టిగా పీల్చినా నోట్లోకి సగం గాలే. పైగా అమెరికాలో ఇప్పుడు అమ్మే పెట్రోల్లో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు దానికోసం తయారైంది కాదు. లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోయిన గొట్టాలూ ఉంటాయి, పైకి కొత్తవాటిలా నిగనిగలాడుతూ.

మొదటి సగం ఎందుకు బాగుంటుందంటే, 300 హార్స్‌పవర్ ఇంజను పూర్తి థ్రాటిల్‌లో నిమిషానికి దాదాపు 1.6 లీటర్లు తాగుతుంది. పంపు సరిపడా ఇవ్వకపోయినా గిన్నెల్లో నిల్వ ఉన్నది కొన్ని సెకన్లు లోటు తీరుస్తుంది. దానికి తోడు కారు ముందుకు దూకుతున్నంతసేపూ లైన్లోని పెట్రోలు వెనక్కి తోసుకుంటుంది. ఒక జీ (గురుత్వాకర్షణతో సమానమైన) త్వరణం దగ్గర 10 అడుగుల లైన్లో ఆ వెనక్కి తోపు సుమారు 3 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఆరోగ్యంగా ఉన్న గొట్టంతోనే పంపుకు అది కష్టం.

ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజను ఊరికే తిరుగుతుండగా, పీడన మీటరు పెట్టి, 5 పీఎస్‌ఐ చూపిస్తోంది కాబట్టి పంపు బాగుందని వాదించేవాళ్లతో నాకు విసుగు. ఐడిల్‌లో ఇంజను తాగేది బొట్లు బొట్లుగా. అక్కడ పీడనం ఉన్నంత మాత్రాన ప్రవాహం ఉన్నట్టు కాదు.

పరీక్ష ఇలా చేయండి. ఇంజను చల్లగా ఉండాలి, మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి. కార్బ్యురేటర్ దగ్గర లైను విప్పి లోహపు డబ్బాలో పెట్టి, గిన్నెల్లో మిగిలిన పెట్రోలుతో ఇంజనును ఐడిల్‌లో నడపండి. 30 సెకన్లలో కనీసం అర లీటరు రావాలి, బుడగలు ఉండకూడదు. ఆ తర్వాత పంపు లోపలికి వచ్చే లైను తీసేసి, పంపు పక్కనే పెట్టిన వేరే డబ్బా నుంచి నేరుగా పెట్రోలు ఇచ్చి మళ్లీ కొలవండి. ఇప్పుడు ఎక్కువ వచ్చిందంటే తప్పు పంపుది కాదు, దాని వెనక ఉన్న 10 అడుగులది. ఇంతకన్నా తేలికైన పరీక్ష ఇంకొకటి ఉంది, దాన్నీ మానేస్తారు. పెరట్లో ట్యాంకు మూత విప్పినప్పుడు ఉస్సుమని గాలి లోపలికి పోతే గాలిదారి మూసుకుపోయిందని అర్థం. అలాంటప్పుడు గొట్టాల కంటే ముందు ఆ మూత సంగతి చూడండి.

పరిష్కారం: ట్యాంకు దగ్గరిది, పంపు ముందుది, రబ్బరు ముక్కలన్నీ ఒకేసారి మార్చేయండి. ఎస్‌ఏఈ 30ఆర్9 అని పెట్రోలు గొట్టాల ప్రమాణం ముద్ర ఉన్న గొట్టమే కొనండి. క్లాంపు అంచు గొట్టాన్ని కోయని రకం వాడండి. అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధన ప్రకారం మొత్తం కారులో మామూలు రబ్బరు గొట్టం 12 అంగుళాలు దాటకూడదు, కాబట్టి పొడవుగా వేలాడదీసే ఆలోచన మానుకోండి. గొట్టం మీదుగా సెండర్ పైపునూ ఇనుప లైనునూ కలిపే చిన్న లోహపు క్లిప్పు ఉంటుంది, దాన్ని పారేయకండి. అది సెండర్‌కు ఎర్త్. పోతే పెట్రోలు మీటరు పనిచేయదు, ట్యాంకు ఖాళీ అయిన సంగతి ట్రాక్ మీదే తెలుస్తుంది. సెండర్ దాకా ఎలాగూ వెళ్లారు కాబట్టి దాన్ని బయటికి తీసి చివరి జల్లెడ కూడా మార్చేయండి.

తర్వాత పీడన మీటరును విండ్‌షీల్డ్ బయట, డ్రైవరుకు కనిపించేలా బిగించి ఒక పరుగు తీయండి. పెట్రోలు గొట్టాన్ని కారు లోపలికి తేవద్దు. గీత దగ్గర ముల్లు 3 పీఎస్‌ఐ కంటే కిందికి పడుతుంటే అప్పుడు ఖర్చుకు సిద్ధపడండి: 5/16 అంగుళాల పాత లైను స్థానంలో 3/8 లైను, ట్యాంకు పక్కన ఎలక్ట్రిక్ పంపు. ఆ పాత లైను 145 హార్స్‌పవర్ ఇంజనుకు సరిపోయింది, దానికి ఇంతకన్నా ఆశించడం అన్యాయం. ఎలక్ట్రిక్ పంపును ఇంజను దగ్గర పెట్టారంటే పాత కష్టమే కొత్త ధరకు కొన్నట్టు.

మిగిలినవి

పంపును నడిపే క్యామ్ ఎక్సెంట్రిక్ అరగడం, ట్యాంకు లోపల సెండర్ పైపుకు చిల్లి పడటం అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి. గేరు మారేటప్పుడు జారుతుంటే ఆయిల్ మట్టం చూడండి. ఈ కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ టార్క్‌ఫ్లైట్‌కు అది న్యూట్రల్‌లో పెట్టి చూడాలి, పార్క్‌లో కాదు. ఇంజను స్టార్టవుతూనే తాళం వదిలితే ఆగిపోతుంటే అది ఫైర్‌వాల్ (ఇంజను వెనక గోడ) మీది బలాస్ట్ రెసిస్టర్, ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే భాగం. మార్చడం చిన్న పని, ఒకటి డాష్‌బోర్డు అరలో ఎప్పుడూ అదనంగా పెట్టుకోండి.