పాత బైకు పని నేర్చుకుందాం – 6వ పాఠం: ముందు చక్రం తిరిగి ఎక్కించడం

పోయిన పాఠంలో బేరింగులు మార్చి, గ్రీజు పెట్టి, బ్రేక్ షూలు తొడిగి చక్రాన్ని గోడకి ఆనించాం. ఇప్పుడు దాన్ని ఫోర్కులోకి, అంటే చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్ల మధ్యకి, ఎక్కిద్దాం. ఊడదీయడానికి పావుగంట పట్టింది కాబట్టి ఎక్కించడానికీ అంతే పడుతుందనుకోకండి. ఇందులో బలంతో పని లేదు, వరసతోనే పని. డ్రమ్ బ్రేకు, టెలిస్కోపిక్ ఫోర్కు (గొట్టంలో గొట్టం జారే రకం) ఉన్న పాత బైకులకు ఈ పాఠం సరిపోతుంది.

బైకు సెంటర్ స్టాండ్ మీద ఉందా, ఇంజిన్ కింద చెక్క దిమ్మ కదలకుండా ఉందా చూసుకోండి. బైకు ముందుకు జరిగి స్టాండు మడిచుకుపోకుండా తాడుతో కట్టేస్తే ఇంకా మంచిది. డ్రమ్ములో పాత దుమ్ము మిగిలుంటే గాలి కొట్టి ఊదకండి. పాత లైనర్లలో (బ్రేక్ షూల మీది రాపిడి పట్టీల్లో) ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

చక్రం ముట్టుకునే ముందు ఒక చిన్న పరీక్ష. ఉత్త యాక్సిల్‌ని, అంటే చక్రం మధ్యలోంచి పోయే ఇరుసుని, ఫోర్కు రెండు కాళ్లలోంచి దూర్చి చూడండి. వేలితో నెడితే వెళ్లిపోవాలి. మధ్యలో పట్టేస్తే యాక్సిల్ అయినా వంగి ఉండాలి, ఫోర్కు కాళ్లయినా మెలిపడి ఉండాలి. యాక్సిల్‌ని అద్దం మీద దొర్లిస్తే అనుమానం తీరిపోతుంది. సుత్తితో కొట్టి దూర్చే అలవాటు ఉంటే ఇక్కడే మానుకోండి. దెబ్బకి మరలు నలిగితే నట్టు ఎక్కదు. యాక్సిల్ బాగుంటే తుప్పు గీకి, పల్చగా గ్రీజు రాయండి.

ఇక చక్రం. బ్రేక్ ప్లేటును (షూలు బిగించి ఉండే పళ్లెం) డ్రమ్ములో కూర్చోబెట్టండి. విప్పినప్పుడు రాసుకున్న కాగితం చూసి స్పేసర్లు (చక్రానికీ ఫోర్కు కాలికీ మధ్య దూరం నిలిపే చిన్న గొట్టాలు) ఏ పక్కవి ఆ పక్క పెట్టండి. రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ పొడవులో తేడా ఉండవచ్చు. తారుమారైతే చక్రం ఒక పక్కకి జరుగుతుంది. టైరు మీద బాణం గుర్తుంటే ముందు చక్రానికి చెప్పిన దిక్కునే చూడాలి. ఒంటరిగా చేసేవాళ్లకు ఒక కిటుకు: బైకుకి ఎదురుగా కింద కూర్చుని, చక్రాన్ని పాదాల మీద నిలబెట్టి, కాలి వేళ్లతో పైకి లేపండి. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, యాక్సిల్ రంధ్రంలోకి దానంతటదే పోతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. బ్రేక్ ప్లేటుకి ఒక గాడి గానీ, బోల్టు వేసే ఆర్మ్ గానీ ఉంటుంది. అది ఫోర్కు కాలికున్న దిమ్మలో సరిగ్గా పడాలి. బ్రేకు వేసినప్పుడు ప్లేటు డ్రమ్ముతో పాటు తిరిగిపోకుండా ఆపేది అదొక్కటే. నేను మొదటిసారి చేసినప్పుడు ఈ గాడి సంగతి మర్చిపోయాను. అన్నీ బిగించి, బైకుని నెట్టుకుంటూ వాకిట్లో బ్రేకు నొక్కాను. ప్లేటు గిర్రున తిరిగింది, కేబుల్ హబ్బుకి చుట్టుకుని తెగింది, చక్రం బిగుసుకుపోయింది. నెడుతున్నాను కాబట్టి బతికిపోయాను. అప్పట్నుంచీ ఆ గాడిని వేలితో తడిమి చూడనిదే పానా పట్టుకోను.

స్పీడోమీటర్ గేరు డబ్బా (చక్రం తిరుగుడుని మీటరు కేబుల్‌కి అందించేది) హబ్బుకి, అంటే చక్రం మధ్య భాగానికి, ఆనుకుని ఉంటే దానికి రెండు చిన్న కొమ్ములుంటాయి. అవి హబ్బులోని గాళ్లలో పడాలి. డబ్బాని వేలితో మెల్లగా నొక్కి పట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. ఒకచోట డబ్బా కాస్త లోపలికి దిగుతుంది, వేలికి తెలుస్తుంది. దిగకముందే నట్టు బిగిస్తే కొమ్ములు నలిగిపోతాయి. మీటరు కేబుల్ మెలిక పడకుండా పైకి వెళ్లేలా డబ్బాని తిప్పుకోండి.

ఇప్పుడు బిగింపు. యాక్సిల్ నట్టు చేత్తో మాత్రమే తిప్పి వదిలేయండి. కొన్ని పాత బి.ఎస్.ఎ. బైకుల్లో యాక్సిల్‌కి ఎడమ మర ఉంటుంది, అంటే నట్టు మామూలుకి వ్యతిరేక దిక్కున తిప్పితే బిగుస్తుంది. మామూలు దిక్కున ఎక్కకపోతే బలవంతపెట్టకుండా మర చూడండి. బ్రేక్ కేబుల్ తగిలించి, చక్రం ఒకసారి తిప్పి, బ్రేకు లివర్ గట్టిగా నొక్కి పట్టి ఉంచండి. అలా పట్టి ఉంచే నట్టు బిగించాలి. షూలు డ్రమ్ముని సమానంగా పట్టుకుంటాయి, ప్లేటు మధ్యకి వస్తుంది. ఆర్మ్ బోల్టు కూడా ఇదే ఊపులో. ఎంత బిగించాలో మీ బైకు మాన్యువల్ చూసి టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించండి.

ఫోర్కు కాలి అడుగున పించ్ బోల్టు (యాక్సిల్‌ని నొక్కి పట్టే బోల్టు) ఉన్నవాళ్లు దాన్ని ఇంకా ముట్టుకోకండి. బైకుని స్టాండు దించి, హ్యాండిల్ పట్టుకుని ఫోర్కుని నాలుగైదు సార్లు కిందికి నొక్కండి. యాక్సిల్ మీద ఫోర్కు కాలు తన చోటు తాను వెతుక్కుంటుంది. ఆ తర్వాతే పించ్ బోల్టు. ముందే బిగిస్తే కాళ్లు వంకరగా ఇరుక్కుని ఫోర్కు సాఫీగా ఆడదు. అక్కడుండేది తరచుగా అల్యూమినియం, అతిగా బిగిస్తే పగులుతుంది. బోల్టుకి బదులు రెండు ముక్కల క్యాపులుంటే నట్లు కొంచెం కొంచెంగా, మార్చి మార్చి, ముందూ వెనకా సందు సమానంగా ఉండేలా బిగించాలి. కొన్ని జపాన్ బైకుల్లో మాత్రం ముందు వైపు నట్టు పూర్తిగా బిగించాకే వెనకది. మాన్యువల్ ఏది చెబితే అది.

యాక్సిల్ నట్టు వదులవకుండా రంధ్రంలోంచి దూర్చి కొసలు వంచే స్ప్లిట్ పిన్ కొత్తది వేయండి. రంధ్రం ఎదురుపడకపోతే నట్టుని వదులు చేయకండి, తర్వాతి గాడి వచ్చేదాకా ఇంకాస్త తిప్పండి.

చక్రం పైకెత్తి తిప్పండి. నట్టు వదులుగా ఉన్నప్పుడు తిరిగి, బిగించగానే పట్టేస్తుంటే రెండు బేరింగుల మధ్యనుండే గొట్టం పెట్టడం మర్చిపోయినట్టే, లేదా పొట్టిది పెట్టినట్టు. ఊడదీయక తప్పదు, బాధగానే ఉంటుంది. ఒకే చోట సన్నగా రాసుకుంటుంటే అది బ్రేకు సర్దుబాటు. చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా అడ్జస్టర్ వదులు చేసుకుని, లివర్‌కి కొద్దిగా ఆట మిగల్చండి. లివర్ నొక్కితే ప్లేటు మీది ఆర్మూ కేబులూ ఇంచుమించు లంబకోణంలో ఉంటే బ్రేకు బాగా పడుతుంది.

మొదట బైకుని నెట్టి బ్రేకు చూడండి, తర్వాతే నడపండి. ఓ చుట్టు తిరిగి వచ్చాక నట్లన్నీ మళ్లీ ఒకసారి చూసుకోండి. ముందు బ్రేకు పట్టి బైకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమని శబ్దం పైన హ్యాండిల్ దగ్గర వస్తుంటే తప్పు చక్రానిది కాదు, స్టీరింగ్ బేరింగులది. 7వ పాఠంలో వాటిని విప్పుదాం.