బంగాళాదుంప తొక్కల సారం నల్లబడకుండా ఎలా కాపాడుకున్నాను

బంగాళాదుంప తొక్కల నుంచి క్లోరోజెనిక్ ఆమ్లం అనే సహజ యాంటీఆక్సిడెంట్‌ను రాబట్టాలని నేను చేసిన మొదటి మూడు ప్రయత్నాలలోనూ, లేత పసుపుగా ఉండవలసిన ద్రావణం ముదురు గోధుమ రంగులోనే దిగింది. ద్రావకంగా వాడిన ఇథనాల్ (ఆల్కహాల్) పాళ్లను అనుమానించి మార్చి చూశాను, ప్రయోజనం లేకపోయింది. అసలు లోపం తొక్క తీసిన క్షణంలోనే మొదలవుతోంది. కత్తి తగిలి కణాలు తెగగానే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, గాలిలోని ఆక్సిజన్ సాయంతో, క్లోరోజెనిక్ ఆమ్లం వంటి నాకు కావలసిన ఫినాలిక్ సమ్మేళనాలనే క్వినోన్లు అనే పదార్థాలుగా మారుస్తుంది. అవి ఒకదానితో ఒకటి కలిసి గోధుమ వర్ణకాలు అవుతాయి. ముందు ప్రయత్నాలలోలా తొక్కలను రాత్రంతా బల్లపై ఆరబెట్టడమంటే ఆ ఎంజైముకు నేనే విందు పెట్టడమన్నమాట.

అందువల్ల ఈసారి తొక్కలను తీసిన వెంటనే 3 నిమిషాలు ఆవిరి పట్టించాను. మరిగే నీటిలో వేసినా ఎంజైము పని ఆగిపోతుంది గానీ, ఈ ఆమ్లం నీటిలో కరిగేది కాబట్టి కొంత ఆ నీటితోనే పోతుంది. తరువాత 50 డిగ్రీల సెల్సియస్ దాటకుండా ఆరబెట్టి, పొడి చేసి, గ్రాముకు 20 మిల్లీలీటర్ల చొప్పున 60 శాతం ఇథనాల్ పోసి, కొద్దిగా సిట్రిక్ ఆమ్లం చేర్చి, చీకటిలో గంటసేపు కలియబెట్టాను. క్షార స్థితిలో క్లోరోజెనిక్ ఆమ్లం నిలవదు కనుక ఆ పులుపు అవసరం. వడకట్టిన ద్రావణం మరునాటికి కూడా పసుపుగానే ఉంది.

తొక్కలలోని సొలనైన్, చాకోనైన్ అనే విషపదార్థాలు కూడా ఇదే ద్రావణంలోకి దిగుతాయి. పచ్చబడిన, మొలకెత్తిన దుంపలను ముందే ఏరివేశాను. అయినా శుద్ధి చేయని ఈ సారాన్ని ఆహారంలో వాడను.