నేస్తం వాళ్ల నాన్న చనిపోతే మీ పిల్లవాడిని ఎలా సిద్ధం చేయాలి

ముందు మాట మార్చకండి. "నిద్రపోయారు", "ఊరెళ్లారు" అంటే ఐదారేళ్లలోపు పిల్లలు ఉన్నదున్నట్టే నమ్ముతారు. ఆ రాత్రి కన్ను మూయడానికి భయపడతారు, లేదంటే ఎప్పుడొస్తారని అడుగుతూనే ఉంటారు. "చనిపోయారు" అనే చెప్పండి. వెంటనే అర్థమూ చెప్పండి: "గుండె ఆగిపోయింది. ఇక ఊపిరి తీసుకోరు, నొప్పి తెలియదు, తిరిగి రారు." జబ్బుతో పోయుంటే ఆ జబ్బు పేరు చెప్పి, మనకొచ్చే జలుబు లాంటిది కాదని విడదీయండి. లేకపోతే ఇంట్లో ఎవరు తుమ్మినా హడలిపోతాడు.

"నువ్వూ చనిపోతావా?" అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. ఎప్పటికీ పోనని మాటివ్వకండి. "అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోతారు. నేను బాగానే ఉన్నాను, చాలా ఏళ్లు ఉంటాననుకుంటున్నాను. ఒకవేళ నేను లేకపోతే నిన్ను చూసుకునేది ఫలానా వాళ్లు" అని మనిషి పేరుతో సహా చెప్పండి. అదే ప్రశ్న పదిసార్లు అడిగినా అదే జవాబు, అవే మాటల్లో.

నేస్తాన్ని కలిసే ముందు ఒక్క మాట నేర్పితే చాలు: "మీ నాన్న చనిపోయారట కదా, నాకు బాధగా ఉంది. ఆడుకుందామా?" మొదటిసారి అరగంట, మహా అయితే గంట. ఎదురెదురుగా కూర్చోబెట్టకండి. బంతో, బొమ్మలు గీయడమో, చేతికి పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. పిల్లల దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది. ఇప్పుడే ఏడ్చినవాడు ఐదు నిమిషాల్లో పకపకా నవ్వుతాడు, అది బాధ లేకపోవడం కాదు. ఈ సంగతి మీవాడికి ముందే చెప్పి ఉంచండి. నేస్తం ఏడిస్తే పక్కన కూర్చోమనండి, ఊరుకోబెట్టాల్సిన బాధ్యత మాత్రం మీవాడి నెత్తిన పెట్టకండి.

ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే: "నాన్న" అన్న మాటే ఎత్తొద్దని పిల్లలకు చెప్పి పంపడం. పాపం, ఆ పిల్లవాడు తన ముందు అందరూ గుసగుసలాడుతున్నారని ఇట్టే పసిగడతాడు. "నేను కోప్పడ్డందుకే నాన్న పోయారు" అని లోలోపల కుమిలే పిల్లలు చాలామంది. అలా అంటే "కోపం వల్ల ఎవరూ చనిపోరు" అని పెద్దవాళ్లే చెప్పాలి. "నేనూ నాన్న దగ్గరికి పోతాను" అంటే, అది చూడాలన్న బెంగే కావచ్చు, అయినా ఆ సంగతి దాచకూడదని మీవాడికి గట్టిగా చెప్పండి. తెలిసిన రోజే వాళ్లింటి పెద్దవాళ్లకు చేరవేయండి.

కొన్ని నెలల్లో ఆ ఇల్లు మారవచ్చు: అమ్మ ఉద్యోగం, కొత్త బడి, వేరే ఊరు. దూరమైతే వారానికి ఒక రోజు, ఒకే వేళకు పది నిమిషాల ఫోను పెట్టండి. ఊరికే మాట్లాడమంటే పిల్లలు నీళ్లు నములుతారు, ఒక పొడుపుకథో, గీసిన బొమ్మో చేతికిచ్చి కూర్చోబెట్టండి.

ఆ నేస్తంలో పక్క తడపడం, కడుపునొప్పి, అమ్మను వదలకపోవడం మొదట్లో మామూలే. ఆరు నెలలు దాటినా దాదాపు రోజూ అదే తలపుతో బడి, ఆట మానేస్తుంటే పిల్లల మానసిక వైద్యుణ్ణి కలవమని వాళ్లమ్మకు చెప్పండి. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఆ ఆరు నెలలు ఆగొద్దు.