ట్రిప్సిన్ గీత వంగిపోతుంటే

ప్రోటీన్లని కోసే ఎంజైమ్ ట్రిప్సిన్‌ని ఏఎంసీ సబ్‌స్ట్రేట్‌తో, అంటే ఎంజైమ్ కోసినప్పుడు ఏఎంసీ అనే మెరిసే అణువు విడిపోయే పదార్థంతో, కొలిచేటప్పుడు (380 నానోమీటర్ల దగ్గర వెలుగిచ్చి 460 దగ్గర చదవడం) ఎంజైమ్ ఎక్కువున్న వెల్స్‌లో (ప్లేట్ గుంతల్లో) కాలంతో పాటు మెరుపు గీత నిక్షేపంగా లేచేది. ఎంజైమ్ గాఢత నానోమోలార్‌కి దిగితే మాత్రం కాసేపటికే చదును. సబ్‌స్ట్రేట్ అయిపోయిందా అంటే, బోలెడు మిగిలే ఉంది.

కొలత మధ్యలో ఎంజైమ్ పాడవుతోందేమో చూసే 1965 నాటి సెల్విన్ పరీక్ష చేశాను. కాలాన్ని ఎంజైమ్ గాఢతతో గుణించి గీస్తే అన్ని గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పడలేదు. ఎంజైమే మధ్యలో తగ్గిపోతోందన్నమాట: కొంత ప్లాస్టిక్‌కి అతుక్కుని, కొంత తనని తానే కోసుకుని.

బఫర్‌లో ప్లాస్టిక్‌కి అతుక్కోకుండా 0.01 శాతం ట్వీన్-20 (సబ్బులాంటి పదార్థం), తనని తాను కోసుకోవడం తగ్గేలా 10 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలిపాను. ట్రిప్సిన్ స్టాక్‌ని (గాఢమైన ద్రావణాన్ని) 1 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఐస్ మీదే ఉంచి, ప్లేట్ పెట్టే ముందే పలచన చేశాను. అతుక్కోకుండా ఉండటానికి అందరూ చెప్పే బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) జోలికి పోలేదు. ట్రిప్సిన్ దాన్నీ నమిలేస్తుంది. గీతలు కలిశాయి. మెరుపుని ఏఎంసీ పరిమాణంగా మార్చే స్టాండర్డ్ కర్వ్ కూడా కొత్త బఫర్‌లోనే మళ్లీ తీయాలి.