పాటలో మాట పట్టుకోవడం – 4వ పాఠం: అతుకు ఎక్కడుంది?

పోయిన పాఠంలో ఒక పాటను మూడుసార్లు విని, అర్థం జోలికి పోకుండా చెవికి తగిలింది తగిలినట్టు కాగితం మీద రాయమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఇంకా దిద్దకండి. ఈ పాఠానికి మీ తప్పులే పెట్టుబడి. రెండు మాటలు కలిసే చోటే అతుకు; అది ఎక్కడుందో పట్టుకోవడమే ఇవాళ్టి పని.

ముందు నా తప్పు చెప్తాను. నల్లగొండలో మా వాడకట్టులో బతుకమ్మ ఆడుతున్నారు. నాకప్పుడు ఆరేడేళ్లు. "ఒక్కేసి పువ్వేసి చందమామ, ఒక్క జామాయె చందమామ" అని చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, పువ్వుకొక జామకాయ చొప్పున గౌరమ్మకు పెడుతున్నారనుకున్నాను. ఆట అయిపోయి పలారం పంచారు. జామకాయ జాడ లేదు. "చిన్నమ్మా, జామకాయలేవి?" అని అడిగాను. ఆమె నవ్వు ఆపుకోలేక పక్కనున్న తంగేడు పూల తాంబాళం మీదికి ఒరిగింది. "జామకాయ గాదు బిడ్డా, జాము! పొద్దు వోతుందని పాట." సద్దుల బతుకమ్మ దాకా ఇంట్లో నా పేరు జామకాయే.

ఇందులో నా చెవి తప్పేం లేదు. జాము + ఆయె అన్నా జామాయె, జామ + ఆయె అన్నా జామాయె. శబ్దంలో తేడానే లేనప్పుడు ఇంకో పదిసార్లు విన్నా లాభం లేదు. జాము అంటే మూడు గంటలు, రోజుకు ఎనిమిది జాములు. గడియారం చూసి పెరిగిన పిల్లవాడికి ఆ మాట తెలియదు, జామకాయ తెలుసు. మనసు తెలిసిన మాటనే ఎంచుకుంటుంది.

మరి ఎట్లా తేల్చాలి? తర్వాతి చరణాన్ని సాక్ష్యం అడగాలి. "రెండేసి పూలేసి చందమామ, రెండు జాములాయె చందమామ." జాములు అన్నారు, జామలు కాదు. మొదటి చరణంలో సంధి మింగేసిన "ము" రెండో చరణంలో బయటపడింది. జానపద పాటల్లో ఒకే వాక్యం అంకె మార్చుకునో పేరు మార్చుకునో మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఈ పద్ధతి చాలాసార్లు పనిచేస్తుంది. అనుమానం వచ్చిన మాట కింద గీత పెట్టి ముందుకు పోండి. దాని తోబుట్టువు ఎక్కడో దొరుకుతుంది.

ఇట్లాంటి పొరపాటుకు ఇంగ్లీషులో ఒక పేరుంది, మాండెగ్రీన్. సిల్వియా రైట్ అనే అమెరికా రచయిత్రి 1954లో ఒక వ్యాసంలో పెట్టిన పేరు. చిన్నప్పుడు ఆమె విన్న స్కాట్లాండ్ గాథలో ఒక దొరను చంపి పచ్చిక మీద పడుకోబెడతారు. "లెయిడ్ హిమ్ ఆన్ ది గ్రీన్" అన్న ఆ ముక్క ఆమెకు "లేడీ మాండెగ్రీన్" అని వినిపించింది. దొరతోపాటు పాపం ఒక దొరసాని కూడా చచ్చిపోయిందనుకుంది. పైగా అసలు మాట కన్నా ఇట్లా విన్నదే బాగుంటుందని ఆమె వాదన. నా జామకాయ విషయంలో నేనంత దూరం పోను.

తెలుగులో ఇంకో చిక్కుంది. అతుకు దగ్గర కొత్త అక్షరం పుడుతుంది, ఉన్న అక్షరం మారిపోతుంది. పోతన గజేంద్రమోక్షంలో "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూలసౌధంబు" అని ఉంది. అది "నగరిలోన్ + ఆ మూల". చెవికి మాత్రం "నా మూల" అనే పడుతుంది. ఇక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మాట ఎవరు అంటున్నారు? కథ చెప్తున్నది కవి. వైకుంఠంలో ఆయనకు సొంత మూల ఎందుకుంటుంది? అంటే "నా" తప్పు, అతుకు "న" ముందు కాదు, తర్వాత.

ఆ ఘట్టంలోనే "సిరికిం జెప్పడు" వస్తుంది. "సిరికింజుడు ఏ రాక్షసుడు సార్?" అని మా క్లాసులో ఒకడు అడిగాడు. సార్ కుర్చీలో కూలబడ్డారు. అది "సిరికిన్ + చెప్పడు", లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా విష్ణువు బయల్దేరాడని. చ కాస్తా జ అయింది. వీటిని బళ్లో సరళాదేశం, గసడదవాదేశం అని బట్టీ పట్టించారు గానీ, నల్లగొండ, పాలమూరు మనుషులకు ఆ సూత్రాలు నోట్లోనే ఉన్నాయి. "అన్నం దిన్నవా?" అంటాం, "ఏం జేస్తున్నవ్?" అంటాం, "బడికి వోతున్న" అంటాం. మనం రోజూ చేసే మార్పునే వెనక్కి తిప్పాలి. పాటలో ద వింటే త పెట్టి చూడండి, గ వింటే క, జ గానీ స గానీ వింటే చ, వ గానీ బ గానీ వింటే ప. పెట్టగానే తెలిసిన మాట కనబడితే అతుకు దొరికినట్టే.

మైకులో విన్న పాటైతే హల్లులను ఎక్కువ నమ్మకండి. స, త, క లాంటివి గాలిలోనే సగం పోతాయి, అచ్చులు మిగులుతాయి. దీర్ఘాన్నీ నమ్మొద్దు, రాగం కోసం పొట్టి అచ్చును కూడా సాగదీస్తారు.

ఇక ఇంటిపని. ఈ రెండు ముక్కలు నేను కట్టినవే:

"పొద్దుగూకంగ పాలేరొచ్చె"
"మాయమ్మ జూడు నవ్వుతున్నది"

మొదటిదాంట్లో వచ్చింది జీతానికున్న మనిషా, ఏరా? పాలేరు పేరుతో కృష్ణలో కలిసే ఏరు ఒకటుంది మరి. "వచ్చిండు" అనో "వచ్చింది" అనో ఉంటే తేలిపోయేది, "వచ్చె" అనేసరికి ఇద్దరికీ సరిపోయింది. మనిషని తేలేటట్టు ఒక చరణం, ఏరని తేలేటట్టు ఇంకో చరణం దాని కింద మీరే కట్టండి. రెండోది "మా + అమ్మ"నా, "మాయ + అమ్మ"నా? దీనికీ అట్లాగే.

అది అయ్యాక మీ కాగితం తీయండి. అర్థం కాని ప్రతి మాటనూ కనీసం రెండు చోట్ల విరిచి రాయండి. సాహిత్యం కోసం ఫోన్‌లో వెతకొద్దు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ పాట వస్తే తాళం లేకుండా, మామూలుగా మాట్లాడినట్టు ఒక్కసారి చెప్పమనండి. నవ్వితే నవ్వనీయండి, రాసుకోవడం మాత్రం ఆపొద్దు.